ఏలూరి తివాచీ

పెండ్లి పందిటిలో వచ్చినవారు కూర్చుండుటకై జంబుఖానా పరచుట తెలుగువారందరును ఎరిగినదే. గ్రామచావడిలోనైనను, దేవాలయ మంటపమునందైనను, హరికథ జరుగు చోటనైనను జంబుఖానా పరచినగాని సభకు నిండుదనము రాదు. అది నూలుతో నేసిన చదునైన వస్త్రము. పడుగును పేకయును తప్ప దానిలో వేరొకటి లేదు. తివాచీ అట్టిది కాదు. పడుగు పేకలకు తోడు దానికి మూడవ దారము ఒకటి కలదు. అది ఉన్నిదారము. ఆ మూడవ దారమే తివాచీకి అందమును, మెత్తదనమును, వెలను కూర్చును. మన పూర్వులు దీనిని రత్నకంబళమని పిలిచిరి. కంబళములలో రత్నము వంటిదని వారి భావము.

కృష్ణానది దక్షిణపు గట్టున తాడేపల్లి యున్నది. ఒకవంక ఉండవల్లి గుహలు, ఒకవంక సీతానగరపు కొండ, ఎదుట ప్రకాశం బ్యారేజీ. వెనుకకు పోయినచో పత్తియు మిరపయు పండు గుంటూరు నల్లరేగడి నేలలు. కొలది దూరములో మంగళగిరి నేతగాండ్ర మగ్గములు. తాడేపల్లిలోని కృష్ణా కెనాల్ జంక్షనులో రైలెక్కి నదిని దాటి తూర్పునకు పోయినచో విజయవాడ తరువాత ఏలూరు వచ్చును. మూడు వందల సంవత్సరములకు పైగా తివాచీలకు పేరొందిన పట్టణమది.

మంగళగిరిలోని గుంటమగ్గమును చూచిన బాలురకు నేత యనగా నాడె ఇటునటు పరుగెత్తుటయే. తివాచీ మగ్గమున అట్టి పరుగు లేదు. ఆ మగ్గము గోడవలె నిలువుగా నుండును. పైన ఒక దూలము, క్రింద ఒక దూలము. రెండింటి నడుమ నూలు పడుగును వీణతంత్రులవలె బిగించి కట్టుదురు. నేతగాండ్రు దాని యెదుట బల్లపై వరుసగా కూర్చుందురు. రంగుటున్ని దారమును రెండు పడుగుపోగులకు చుట్టి, ముడి వేసి, చిన్న కత్తితో కొనను కోయుదురు. మరల రెండు పోగులు, మరల ఒక ముడి. ఒక వరుస నిండిన పిమ్మట పేకదారమును అడ్డముగా పోనిచ్చి, ఇనుప పండ్ల దువ్వెనతో గట్టిగా దిగగొట్టుదురు. అటులనే రెండవ వరుస. నేత ముగిసిన తరువాత పైకి లేచియున్న ఉన్నికొనలను కత్తెరతో సమముగా కత్తిరింతురు. దూరమునుండి చూచువానికి పువ్వులుగా, లతలుగా కనబడునది దగ్గరనుండి చూచినచో కేవలము ముడుల రాశి.

ఆ శ్రమ ఎంతటిదో లెక్క వేసి చూచిన తెలియగలదు. పండ్రెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు గల తివాచీ నొకదానిని ఊహింపుడు. దాని వైశాల్యము 108 చదరపు అడుగులు; అనగా 15,552 చదరపు అంగుళములు. అంగుళమునకు 60 ముడుల చొప్పున నేసినచో మొత్తము 9,33,120 ముడులు. ఒక నేతగాడు దినమునకు ఆరువేల ముడులు వేయగలడనుకొన్నను, ఒంటరిగా పనిచేసినచో వానికి 155 దినములకు పైగా పట్టును. మనము గదిని ఈ మూలనుండి ఆ మూలకు నడచుటకు పట్టు క్షణకాలములో ఒక మనుష్యుని అరసంవత్సరము మన పాదముల క్రిందుగా పోవును.

ఈ విద్య మన దేశమునకు పారశీకమునుండి వచ్చినది. ఆంగ్ల వర్తకసంఘపు అధికారియైన స్ట్రేన్‌షామ్ మాస్టర్ 1679వ సంవత్సరమున మచిలీపట్టణ ప్రాంతమున సంచారము చేయుచు ఏలూరునకు వచ్చెను. అతడు తన దినచర్యలో అచ్చటి తివాచీలను గూర్చి వ్రాసియుంచెను. ఆ నేతగాండ్రు పారశీకులనియు, వారి పూర్వులు నూరేండ్లకు పైబడి అచ్చట స్థిరపడిరనియు అతనికి చెప్పిరట. మగ్గము వెనుక ఒక మనుష్యుడు కాగితముపై గీచిన నమూనాను పట్టుకొని నిలుచుండి, ఏ రంగు దారము ఎంతమేర వేయవలెనో చెప్పుచుండగా, ముందువైపున కూర్చున్న బాలురు ముడులు వేయుచుండుటను అతడు కన్నులార చూచెను. ఆ బాలుర వయస్సు ఎనిమిది మొదలు పండ్రెండేండ్ల వరకు నుండెనని కూడ అతడు వ్రాసెను. ఈ మాటను చదువరులు గుర్తుంచుకొందురు గాక! దీని ప్రసంగము మరల రాగలదు.

ఏలూరునకు సమీపమున మచిలీపట్టణపు రేవు ఉండుట ఈ పరిశ్రమకు గొప్ప ఊతయైనది. పదునేడవ శతాబ్దపు ఆరంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును ఆ రేవున వర్తకశాలలు నెలకొల్పిరి. అద్దకపు వస్త్రములతోపాటు తివాచీలును ఓడలెక్కినవి. అవి పోయిన దూరము తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. జపాను దేశమున క్యోటో నగరములో ప్రతి జూలై మాసమున గియోన్ ఉత్సవము జరుగును. మన రథోత్సవమువలె వీధులలో పెద్ద పెద్ద రథములను లాగుదురు. ఆ రథములకు నలువైపులను వ్రేలాడదీయు అలంకారవస్త్రములలో దక్కనున నేసిన పురాతనపు తివాచీలు కొన్ని యున్నవని పండితులు గుర్తించిరి. 1641 మొదలు రెండు శతాబ్దములకు పైగా జపానుతో వర్తకము చేయుటకు ఐరోపావారిలో డచ్చివారికి మాత్రమే అనుమతి యుండెను. ఆ కాలమున సముద్రము దాటి వచ్చిన తివాచీలను క్యోటో వీధుల ప్రజలు ఉమ్మడి సొత్తుగా ఎంచి, ఉత్సవదినములందు తప్ప తక్కిన కాలమంతయు భద్రపరచుచు వచ్చిరి. పాదముల క్రింద పరచుటకై నేసిన వస్తువును వారు నేల తాకనీయక కాపాడిరి. అందుచేతనే ఇచ్చట మరుగైపోయిన నమూనాలు కొన్ని అచ్చట నేటికిని నిలిచియున్నవి.

ఓరుగల్లు కూడ తివాచీలకు ప్రసిద్ధి చెందినదే. అచ్చటి మట్టెవాడ నేతగాండ్ర పనితనము పేరుపొందినది. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునకు ఓరుగల్లు తివాచీలు పోయినవి. కాని ఆ కీర్తి వచ్చిన కాలముననే పరిశ్రమకు కీడును మొదలైనది. చవుకగా కావలెను, త్వరగా కావలెను అని విదేశీ వర్తకులు తొందరపెట్టసాగిరి. ఆగ్రా, లాహోరు, ఎరవాడ మొదలగు కారాగారములలో ఖైదీలచేత తివాచీలు నేయించి విక్రయించుట ఆరంభమయ్యెను. కూలి లేని ఖైదీతో కుటుంబమును పోషించుకొనవలసిన నేతగాడు పోటీపడుట ఎట్లు?

అంతలో రంగులును మారినవి. పూర్వము నేతగాండ్రు నీలిమందుతో నీలమును, లక్కతోను వేళ్లతోను ఎరుపును, దానిమ్మబెరడుతో పసుపును తీసెడివారు. కృష్ణాతీరపు అద్దకమువారికి ఎర్రరంగు నిచ్చిన చిరివేరు వంటిదే ఈ విద్యయును. రంగు ఉన్నిని పట్టుకొనుటకు పటికను వాడెడివారు. నీటి గుణము, ఎండ బలము, నాననిచ్చిన కాలము, వీనిని బట్టి రంగు మారుచుండును. ఒక బానలోని ఎరుపు మరియొక బానలోని ఎరుపుతో సరిగా సరిపోలదు. 1856లో విలియం పెర్కిన్ అను ఆంగ్ల యువకుడు తారునుండి లభించు పదార్థముతో కృత్రిమపు రంగును కనుగొనెను. తరువాత అట్టి రంగులు అనేకము వచ్చినవి. వాటిలో తొలిదినములవి కొన్ని చూచుటకు మెరయుచుండెడివే కాని, ఎండ తగిలినచో వెలవెలబోవుచు, నీరు తగిలినచో ప్రక్క రంగులోనికి కారుచు నుండెడివి. జార్జి బర్డ్‌వుడ్ అను పండితుడు 1880లో ప్రకటించిన తన గ్రంథమున, ఒకప్పుడు శ్రేష్ఠములైన మచిలీపట్టణపు తివాచీలు చవుక బేరము కారణమున ఎట్లు క్షీణించెనో వ్రాసి విచారపడెను.

ఇట్లు చేయి మారి, రేవు దాటి, కొన్ని తివాచీలు దూరదేశములకు పోగా, కొన్ని మన గృహములలోనే నిలిచిపోయినవి. తాడేపల్లిలో ఒక గృహమునందు అట్టిది ఒకటి కలదు. స్వాతంత్ర్యమునకు పూర్వము ఆ ఇంటి యజమాని పత్తియు నూలును వ్యాపారము చేయుచుండెను. ఏలూరిలో నొకరు నూలు తీసికొని, రొక్కము చెల్లింపలేక, బాకీక్రింద ఆ తివాచీని ఇచ్చిరి. ముదురు ఎరుపు నేల, నీలపు అంచు, నడుమ పెద్ద పుష్పము. యజమాని దానిని పండుగనాడును, పెండ్లిచూపులనాడును మాత్రమే పరపించెడివాడు. చెప్పుకాలితో ఎవరినీ దానిపై అడుగిడనీయలేదు.

ఆయన గతించిన పిమ్మట కుమారు లిరువురును ఆస్తి పంచుకొనిరి. పొలము సమానముగా తెగినది. ఇల్లు తెగినది. ఇత్తడి గంగాళములు, బిందెలు తూకము వేసి పంచుకొనిరి. కట్టకడపట తివాచీ మిగిలెను.

"తమ్ముడూ! అన్నియు సగము సగము చేసికొంటిమి. దీనికి మాత్రము పేచీ ఎందుకు? నడిమికి కోయింతము. నీ గదికి నీ సగము, నా గదికి నా సగము" అని అన్న పలికెను.

తమ్ముడు "సరే అన్నయ్యా!" అనెను. మాట మెత్తగనే యుండెను గాని, ఒకరికి దక్కకుండుటయే ఇరువురికిని తృప్తిగా నుండెనని తల్లి గ్రహించెను. "మీ నాన్నగారు దానిమీద మురికి కాలు కూడ పెట్టనీయలేదురా" అని మాత్రము పలికి ఆమె లోపలికి పోయెను.

కోయుటకు ముందు వెల తెలిసికొనుట మంచిదని ఎవరో చెప్పగా, ఏలూరినుండి ఒక వృద్ధుడైన సాయిబును పిలిపించిరి. ఆయన తివాచీ నేతలోనే తల పండినవాడు. ఆయన తివాచీ ముఖమును చూడలేదు. దానిని తిరుగవేసి వెనుకవైపు చూచెను. వ్రేలితో ముడుల వరుసలను తాకుచు చాలసేపు మౌనముగా కూర్చుండెను. పిదప ఒక మూలకు జరిగెను. అచ్చట ఎప్పుడో ఎలుక కొరికి అంచు పోయియుండెను. ఆయన రెండు వ్రేళ్లతో ఒక ఉన్నికుచ్చును పట్టి లాగెను. అది ఏ యడ్డమును లేక చేతిలోనికి వచ్చెను.

"చూచితిరా బాబూ! అంచు ఉన్నంతవరకే ముడి నిలుచును. కోసిన చోట ప్రతి ముడియు ఇట్లే ఊడివచ్చును. మీకు రెండు తివాచీలు రావు. రెండు చింపిరులు వచ్చును" అని ఆయన చెప్పెను.

ఆ వృద్ధుని మాట యథార్థము. లోకప్రసిద్ధమైన అర్దబీల్ తివాచీల చరిత్రయే ఇందుకు సాక్ష్యము. పారశీకమున అర్దబీల్ పట్టణపు పవిత్రస్థలమున ఒకే నమూనాగల రెండు మహాతివాచీలు ఉండెడివి. వాటిపై నేసిన తేదీ హిజరీ 946. అనగా క్రీస్తుశకము 1539-40. కాలక్రమమున రెండును శిథిలములైనవి. పందొమ్మిదవ శతాబ్దాంతమున అవి వర్తకుల చేతికి వచ్చినవి. ఒకదానిని బాగుచేయుటకై రెండవదానినుండి ముక్కలు కోసి అతికిరి. బాగుపడినదానిని 1893లో లండనులోని వస్తుప్రదర్శనశాల రెండువేల పౌనులకు కొనెను. దాని పొడవు పదిన్నర మీటర్లు. చదరపు అంగుళమునకు సుమారు 340 ముడులు. కోతకు గురియైన రెండవది తన అంచులను పోగొట్టుకొని, చిన్నదై, 1953లో అమెరికాలోని లాస్ ఏంజెల్సు ప్రదర్శనశాలకు చేరెను. ఒకటి బ్రతుకుటకు మరియొకటి అవయవములను ఈయవలసి వచ్చెను. తోబుట్టువుల వంటి ఆ రెండును నేడు రెండు ఖండములలో నున్నవి.

తాడేపల్లి సోదరులు తివాచీని కోయుట మానుకొనిరి. అన్న దానిని తీసికొని, బదులుగా తమ్మునికి రెండు గంగాళములు ఎక్కువ ఇచ్చెను. తమ్ముడు పుచ్చుకొనెను గాని, ఆ తరువాత అన్న ఇంటికి రాకపోకలు తగ్గించెను.

అన్న తివాచీని ప్రాణముతో సమానముగా దాచెను. నాలుగు మడతలు వేసి, గాలి చొరకుండ ప్లాస్టికు కాగితముతో చుట్టి, త్రాళ్లు బిగించి అటక యెక్కించెను. ఎవరును తాకకుండుటయే రక్షణమని అతని నమ్మకము. మూడు వర్షకాలములు గడచినవి. కుమార్తె పెండ్లికి దానిని దింపి విప్పగా, చుట్టునున్నవారందరు నిశ్చేష్టులైరి. లోపల నిలిచిన చెమ్మకు బూజు వాసన కొట్టుచుండెను. మడతల వెంట నూలు పడుగు పెళుసై పగిలెను. నడిమి పుష్పమునకు ప్రక్కన మూరెడు పొడవున ఎరుపంతయు పోయి, తెల్లని పడుగుపోగులు ప్రక్కటెముకలవలె బయటపడియుండెను. చిమ్మట పురుగులు చీకటిలో తమ పని ముగించి పోయినవి.

అన్న చాలసేపు ఆ చోటును చూచుచు నిలిచి, తమ్మునికి కబురు పంపెను. తమ్ముడు వచ్చెను. దెప్పిపొడుపు మాట ఒక్కటియు ఆడలేదు. పైకండువ నడుమునకు బిగించి, మెత్తని కుంచె తీసికొని, తివాచీ ప్రక్కన కూర్చుండి పురుగుల గూళ్లను దులుపసాగెను. కొంతసేపటికి అన్నయు వచ్చి ఎదురుగా కూర్చుండెను.

ఏలూరి వృద్ధునికి మరల కబురు పోయెను. అప్పటికి ఆయన చూపు మందగించియుండెను. కుమారుడు వేరొక వృత్తిలో ప్రవేశించియుండెను. అయినను ఆయన వచ్చెను. తివాచీ క్రింద గట్టి నూలుగుడ్డ పరచి, పగిలిన పడుగుపోగులను దానికి ఓపికగా కుట్టెను. అంచులు భద్రము చేసెను. పోయిన ముడులను మాత్రము మరల వేయలేదు. ఏల వేయలేదని సోదరులు అడిగిరి.

"ముడి వేయగలను బాబూ! కాని ఆ ఎరుపును ఎచ్చటినుండి తెత్తును? బజారులోని ఎరుపు వేసినచో నాలుగు దినములు బాగుండును. తరువాత అది ఒక దారిని, ఇది ఒక దారిని పోవును. ఉన్నది నిలుపుటయే మేలు" అని ఆయన బదులు చెప్పెను. ఆ మూరెడు తెల్లని చోటు నేటికిని అటులనే యున్నది.

అప్పటినుండి ప్రతి సంవత్సరము మాఘమాసమున, కళ్లములలో మిరపకాయలు ఎర్రగా ఆరుచుండు దినములలో, సోదరు లిరువురును కలిసి ఆ తివాచీని విప్పుదురు. గాలిలో తేమ తక్కువగా నుండు కాలమగుటచే వారు దానిని ఎంచుకొనిరి. వారు పాటించు పద్ధతులు కొన్ని ఏలూరి వృద్ధుడు నేర్పినవి. కొన్ని అనుభవము నేర్పినవి. పెద్ద ప్రదర్శనశాలల వారి పద్ధతులును వీనికి ఎక్కువ భిన్నములు కావు.

తివాచీని మడవరాదు, చాపవలె చుట్టవలెను. నునుపైన పెద్ద గొట్టమునకు శుభ్రమైన తెల్లని నూలుగుడ్డ చుట్టి, దానిపై తివాచీని చుట్టి, మీద మరల నూలుగుడ్డ కప్పవలెను. నూలుగుడ్డ ధూళిని ఆపును, గాలిని పోనిచ్చును. ప్లాస్టికు చెమ్మను లోపల బంధించును. చుట్టను నేలమీద గాని, గోడకు ఆనించి గాని యుంచరాదు. కృష్ణాతీరమున వానకాలము గోడలే చెమర్చును. ఉన్ని కొంత తడిని ఓర్చుకొన్నను, లోపలి నూలు పడుగు ఓర్చుకొనలేదు. పైకి పువ్వులు నవ్వుచుండగనే లోన ఎముక కుళ్లిపోవును.

ధూళి రెండవ శత్రువు. ఇసుకరేణువులు ఉన్ని మొదళ్లలో చేరి, అడుగు పడినప్పుడెల్ల సన్నని ఱంపములవలె దారమును కోయును. కావున ధూళిని తీయవలెను. కాని త్రాటిపై వ్రేలాడదీసి కర్రతో బాదుట తగదు. ముసలి పడుగు ఆ దెబ్బలకు తెగును. అరచేతితో నిమిరినచో ఉన్ని ఏ వైపునకు వాలియున్నదో తెలియును. ఆ వాలు వెంటనే మెత్తని కుంచెతో తుడువవలెను. తిరుగవేసి వెనుకవైపు కూడ తట్టవలెను.

ఎండ మూడవది. నీడలో గాలికి ఆరవేయుట మంచిది. తీక్ష్ణమైన యెండలో గంటలకొలది పరచుట రంగులకు చేటు. ఏదేని ఒలికినచో రుద్దరాదు. పొడిగుడ్డను అద్ది అద్ది తడిని పీల్చవలెను. నీటితో తుడువవలసివచ్చినచో, ముందుగా తెల్లగుడ్డను కొంచెము తడిపి ప్రతి రంగుమీదను ఒత్తి చూడవలెను. గుడ్డకు రంగంటినచో ఆ పని విడిచి, తెలిసినవారిని అడుగవలెను.

ఇక చిమ్మట. రెక్కల పురుగు ఉన్నిని తినదు. అది పెట్టిన గ్రుడ్లనుండి వచ్చు పిల్లపురుగులే తినును. అవి చీకటిని, కదలిక లేని చోటును, మురికి అంటిన ఉన్నిని కోరును. వేపాకు వేయుట మన ఇండ్లలో వాడుక. కాని ఏ ఆకును, ఏ గోళీయు కంటికి సాటి రావు. రెండుమూడు నెలలకొకసారి విప్పి చూచుటయే అసలైన మందు. ప్రదర్శనశాలలలో పురుగు పట్టిన వస్త్రమును గాలి చొరని సంచిలో నుంచి, గడ్డకట్టు చలిలో కొన్ని దినములుంచి, పురుగులను నశింపజేయుదురు.

ఇవన్నియు చూచినచో రక్షణ యనగా దాచిపెట్టుట కాదని స్పష్టమగును. అన్న దాచిపెట్టెను, తివాచీ చెడెను. ఇరువురు కలిసి ఏటేట విప్పి చూచుచున్నారు, అది నిలిచియున్నది.

పాతవస్తువులను సేకరించువారికి ఇది ముఖ్యమైన పాఠము. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగు తన జీవితమంతయు సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16వ తేదీన ప్రదర్శనశాల తెరువబడెను. అందు తివాచీలును కలవు. ఒక మనుష్యుడు కూర్చినదానిని ఇప్పుడు దేశమంతయు చూచుచున్నది. లండనులోని అర్దబీల్ తివాచీకి గాజుగది కట్టి, రంగు చెడకుండుటకై గంటకు రెండుసారులు, పదేసి నిమిషములు మాత్రమే దీపములు వెలిగింతురు. తక్కిన కాలము మసక వెలుతురే. 1949లో సైబీరియాలోని పాజిరిక్ అను చోట రుదెంకో అను రష్యా పండితుడు ఒక సమాధినుండి ముడుల తివాచీని వెలికితీసెను. సుమారు రెండువేల నాలుగు వందల ఏండ్ల క్రిందటిది. సమాధిలో నీరు చేరి గడ్డకట్టుటచే అది చెక్కుచెదరక నిలిచెను. మనకు అట్టి మంచు లేదు. మన తివాచీలకు మన చేతులే దిక్కు.

కొనగోరువారు ముందు వెనుకవైపును చూడవలెనని ఏలూరి వృద్ధుడు చెప్పెడివాడు. ముడులు వెనుకనే లెక్కకు వచ్చును. అతుకులు వెనుకనే బయటపడును. పైకి వెలిసినట్లు కనబడు రంగు నిజముగా కాలము తెచ్చినదో, అమ్మకమునకై మందునీళ్లలో కడుగగా వచ్చినదో కుచ్చుల మొదళ్లను విడదీసి చూడవలెను. నూరేండ్లు దాటిన కళావస్తువులను ఎవరికి వారు విదేశములకు పంపరాదని 1972లో మన దేశమున శాసనము చేసిరి. రేవుదాటి పోయినవి పోగా మిగిలినవైనను నిలుచుటకే ఈ కట్టుబాటు.

మరియొక విషయమును మరువరాదు. మాస్టరుదొర చూచిన బాలుర వయస్సు ఎనిమిది మొదలు పండ్రెండేండ్లని పైన చెప్పబడినది. సన్నని ముడికి చిన్న వ్రేళ్లు మేలనుమాట చాలకాలము లోకమున చెలామణి యైనది. ఆ వ్రేళ్లు పలక పట్టవలసిన వ్రేళ్లని తలచినవారు అరుదు. 1986లో చేసిన చట్టము పదునాలుగేండ్లలోపు బాలురను తివాచీ నేతలో పెట్టుట నిషేధించెను. 1994లో కైలాస్ సత్యార్థి మొదలగువారి కృషిచే, బాలల చేత నేయింపని తివాచీలకు ప్రత్యేకమైన గుర్తు నిచ్చు పద్ధతి ఏర్పడెను. పాత తివాచీ ముందు నిలుచున్నప్పుడు దాని యందమునకు మెచ్చుకొనుట ఎంత న్యాయమో, దానిలో ఎవరి బాల్యము ముడిపడియున్నదో తలచుకొనుటయు అంతే న్యాయము.

ఏలూరిలోని తంగెళ్లమూడి ప్రాంతమున మగ్గములు పట్టినవారి సంతతి ఉన్నది. ఓరుగల్లు జంబుఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించెను. పాతదానిని కాపాడువారికి క్రొత్తదానిని నేయువారు తోడుగా నిలిచినగాని ఈ విద్య బ్రతుకదు. నేయువాడు లేనిచో చినిగినదానిని బాగుచేయువాడును ఉండడు. బానలో ఎరుపు తీయువాడును ఉండడు.

తివాచీ ముఖమున పువ్వులు కనబడును. వెనుకవైపున మనుష్యులు కనబడుదురు: ఒక్కొక్క ముడికి ఒక్కొక్క క్షణము వెచ్చించిన మనుష్యులు. ఆ వెనుకవైపును ఒకసారి చూచినవాడు దానిని కత్తితో సగము చేయుటకును, చీకటిలో పారవేయుటకును ఒప్పుకొనడు.